మీకు బాగా తెలిసిన ఒక ప్రోటీన్ గురించి చెప్పండి!

లైఫ్ సైన్సెస్‌లో ఎమ్మెస్సీ పూర్తిచేసి మీరు పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్లారనుకుందాం. లేదా ఏదైనా ల్యాబ్‌లో ప్రాజెక్టు ఉద్యోగానికి. ఎదురుగా ముగ్గురో నలుగురో ఉంటారు. పేరు, ఊరు, కాలేజీ అయిపోయాక ఒకరు తాపీగా అడుగుతారు: ‘మీకు బాగా తెలిసిన ఒక ప్రోటీన్ గురించి చెప్పండి.’

చాలామంది నోటికి వెంటనే వచ్చే పేరు హిమోగ్లోబిన్. కాదంటే ఇన్సులిన్. తప్పేమీ లేదు. కానీ ఎదుటివాళ్లు ఆ జవాబు వందసార్లు విని ఉంటారు. అసలు చిక్కు ఆ తర్వాతి ప్రశ్నల్లో ఉంటుంది. దాని ఆకారానికీ పనికీ సంబంధమేంటి? అందులో ఒక్క అమినో ఆమ్లాన్ని మారిస్తే ఏమవుతుంది? ఆ సంగతి ఎలా తేల్చారు? చాలామంది తడబడేది ఇక్కడే.

ఈ మూడు ప్రశ్నలకూ పూర్తి జవాబున్న ప్రోటీన్లు మన వరిచేలోనే ఉన్నాయి. వరికి తెగులు తెచ్చే బ్యాక్టీరియా తయారుచేసే ప్రోటీన్లవి. వాటి మీద జరిగిన ముఖ్యమైన పనిలో కొంత హైదరాబాద్‌లోనే జరిగింది. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చి బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదువుతున్నవారైతే, ‘నీ చదువుకీ మన పొలానికీ ఏం సంబంధం?’ అని ఇంట్లో అడిగినప్పుడు కూడా ఈ జవాబు పనికొస్తుంది.

గ్లాసు నీళ్లలో పరీక్ష

బ్యాక్టీరియా ఎండాకు తెగులు గురించి రైతు కుటుంబాల పిల్లలకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆకు కొస నుంచి అంచుల వెంట పసుపు రంగు అలలు అలలుగా కిందికి దిగుతుంది. తర్వాత ఆకు ఎండుగడ్డిలా మారుతుంది. పొద్దున్నే చూస్తే ఆకు మీద చిన్న చిన్న జిగురు బొట్లు కనిపిస్తాయి. యూరియా ఎక్కువేసిన చేలో తీవ్రత ఎక్కువ. నాటేటప్పుడు నారు కొసలు తుంచితే ఆ గాయాల్లోంచి తెగులు సులువుగా లోపలికి వెళ్తుంది. ఒకసారి అంటుకున్నాక మందులతో అదుపు చేయడం కష్టం.

ఇది బ్యాక్టీరియా పనేనా, ఎరువు లోపమా అని తేల్చుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. తెగులున్న ఆకును పచ్చభాగం, ఎండిన భాగం కలిసే చోట కోసి, గాజుగ్లాసులోని తేటనీళ్లలో నిలబెట్టాలి. కాసేపటికి కోసిన చోటు నుంచి పాలపొగలాంటి ధార కిందికి జారుతుంది. అందులో ఉన్నవి లెక్కలేనన్ని బ్యాక్టీరియా కణాలు.

దీని పేరు జాంథోమోనాస్ ఒరైజే పాథోవార్ ఒరైజే. నోరు తిరగకపోతే ల్యాబుల్లో అనేటట్టు ‘ఎక్స్‌ఓఓ’ అనండి చాలు. 1884లో జపాన్‌లోని ఫుకువోకా ప్రాంత రైతులు ఈ తెగులును మొదట గమనించారు. ఆకు అంచుల్లో మొక్క నీరు వదిలే సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోంచి, లేదా గాయాల్లోంచి ఇది లోపలికి దూరి, నీళ్లు మోసే జైలమ్ గొట్టాల్లో కాపురం పెడుతుంది. ఆ గొట్టాల్లో తిండి తక్కువ, చుట్టూ గట్టి కణకవచాలు. అలాంటి చోట బతికి పెరగాలంటే ఆయుధాలు కావాలి. ఆ ఆయుధాలే ప్రోటీన్లు.

అవి రెండు రకాలుగా పనిచేస్తాయి. కొన్నింటిని బ్యాక్టీరియా తన ఒంటి బయటికి వదులుతుంది, అవి మొక్క కణకవచాన్ని కోస్తాయి. ఈ దారిని టైప్-2 స్రావక వ్యవస్థ అంటారు. ఇంకొన్నింటిని సూదిలాంటి నిర్మాణంతో నేరుగా వరికణం లోపలికే ఎక్కిస్తుంది. అది టైప్-3. ఒక్కో రకం నుంచి ఒక్కో ప్రోటీన్‌ను చూద్దాం.

కత్తిపీట, కూరగాయ పట్టిన చెయ్యి

మొదటిది లైప్ఏ. పేరును బట్టే ఇది లైపేజ్‌ల కుటుంబానికి చెందిందని తెలుస్తుంది. లైపేజ్ అంటే కొవ్వులను విడగొట్టే ఎంజైమ్. బట్టలుతికే పౌడర్లలో జిడ్డు మరకల కోసం కలిపేదీ ఈ జాతి ఎంజైమే. మరి కొవ్వు కోసేదానికి వరి కణకవచంతో ఏం పని? కణకవచంలో ఎక్కువగా ఉండేవి చక్కెర గొలుసులు కదా!

హైదరాబాద్ సీసీఎంబీలో రమేష్ సోంటి, రాజన్ శంకరనారాయణన్ బృందాలు ఈ ప్రశ్న మీదే పనిచేశాయి. ఒకరిది వరి తెగులు మీద పనిచేసే ల్యాబ్, ఇంకొకరిది ప్రోటీన్ల ఆకారాలు తేల్చే ల్యాబ్. లైప్ఏని స్ఫటికంగా మార్చి, ఎక్స్‌రే కిరణాలతో దాని నిర్మాణం తేల్చి 2009లో ‘ప్లాంట్ సెల్’ జర్నల్‌లో ప్రచురించారు.

నిర్మాణంలో ఏం కనిపించిందో చూడండి. కోతకోసే భాగం మామూలు లైపేజ్‌లలో ఉన్నట్టే ఉంది. దానికి అదనంగా, పూర్తిగా హెలిక్స్‌లతో కట్టిన ఇంకో భాగం అతికినట్టుంది. ఆ భాగంతో ఏర్పడిన గట్టి జేబులాంటి చోట ఒకవైపు చక్కెరను పట్టుకునే స్థలం, ఇంకోవైపు పొడవాటి గొలుసు పట్టే స్థలం ఉన్నాయి. చక్కెరను పట్టుకునే చోటికీ, కోసే మూడు అమినో ఆమ్లాల జట్టుకీ మధ్య దూరం 15 ఆంగ్‌స్ట్రామ్‌లు. అంటే ఒకటిన్నర నానోమీటరు.

అమ్మ కత్తిపీట మీద బీరకాయ కోయడం గుర్తుచేసుకోండి. కత్తి కదలదు. చెయ్యి కాయను పట్టుకుని, కత్తికి సరైన చోట ఆనిస్తుంది. చెయ్యి కత్తికి దూరంగానే ఉంటుంది, కానీ పట్టు జారితే కోత లేదు. లైప్ఏలో జరిగేదీ అంతే. పాత కత్తికి కొత్త చెయ్యి అమరింది, కొవ్వులు కోసే ఎంజైమ్ కణకవచం కోసేదిగా మారింది.

అయితే ఇది నిజమేనని ఎలా తెలుసు? ఇంటర్వ్యూలో మూడో ప్రశ్న ఇదే. శాస్త్రవేత్తలు కత్తికి దూరంగా ఉన్న చోట్లను మార్చి చూశారు. చక్కెరను పట్టే చోట ఒక అమినో ఆమ్లాన్ని మార్చారు. వేరేగా ఆ జేబును మూసేసే మార్పు కూడా చేసి చూశారు. కోసే చోటుకు దూరంగా చేసిన మార్పులైనా, వరిమొక్కలో లైప్ఏ తన పని చేయలేకపోయింది. తెగులుకు తోడ్పడలేదు, మొక్కలో రక్షణ స్పందననూ రేపలేదు. ఆకారం చూసి ఊహించడం, ఆ ఊహ తప్పయ్యే అవకాశం ఉన్న ప్రయోగం చేయడం, ఫలితాన్ని మొక్కలోనే చూడటం: ఈ మూడు మెట్లూ చెప్పగలిగితే మీకు ఒక ప్రోటీన్ తెలిసినట్టే.

పై పేరాలో ‘రక్షణ స్పందన’ అన్న మాట గమనించారా? కణకవచం తెగుతున్నట్టు తెలియగానే వరి ఊరుకోదు. కాలోజ్ అనే పదార్థాన్ని పేర్చి అడ్డం కడుతుంది, అవసరమైతే కొన్ని కణాలను తానే చంపుకుంటుంది. అంటే గోడకు కన్నం వేసే దొంగ చప్పుడు చేసి ఇంటివాళ్లను లేపినట్టే. మరి బ్యాక్టీరియా ఎలా గెలుస్తోంది? టైప్-3 సూదితో లోపలికి ఎక్కించే ప్రోటీన్లలో కొన్ని ఈ స్పందనను అణిచేస్తాయి. ఇది కూడా సోంటి బృందం చూపించిన సంగతే. ఒక చేత్తో కన్నం, ఇంకో చేత్తో నోరు మూయడం!

చక్కెర డబ్బా తెరిచే తాళంచెవి

సూదితో లోపలికి వెళ్లేవాటిలో మరీ విచిత్రమైనవి టేల్ ప్రోటీన్లు. ఇవి వరికణం కేంద్రకం దాకా వెళ్లి, డీఎన్‌ఏ మీద కూర్చుని, తమకు కావలసిన జన్యువును ఆన్ చేస్తాయి. పీటీహెచ్‌ఎక్స్‌ఓ1 అనే టేల్ ప్రోటీన్ ఆన్ చేసేది వరిలోని స్వీట్11 జన్యువును. పేరుకు తగ్గట్టే అది చక్కెరను కణం బయటికి పంపే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. మొక్క తన అవసరానికి పెట్టుకున్న చక్కెర కుళాయిని బ్యాక్టీరియా తన తిండి కోసం తిప్పుతోందన్నమాట.

వేల జన్యువుల్లో సరిగ్గా ఆ ఒక్కదాన్నే ఎలా వెతుక్కుంటుంది? టేల్ ప్రోటీన్ మధ్యభాగంలో దాదాపు ఒకేలా ఉండే ముక్కలు వరసగా పునరావృతం అవుతాయి. ఒక్కో ముక్కలో సాధారణంగా 34 అమినో ఆమ్లాలు. ముక్కకూ ముక్కకూ ముఖ్యమైన తేడా 12, 13 స్థానాల్లోనే. ఒక్కో ముక్క డీఎన్‌ఏలో ఒక్కో అక్షరాన్ని చదువుతుంది. ఆ రెండు స్థానాల్లో హిస్టిడిన్, ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటే సి. ఆస్పరజిన్, గ్లైసిన్ ఉంటే టి. ఆస్పరజిన్, ఐసోల్యూసిన్ ఉంటే ఎ. రెండూ ఆస్పరజిన్‌లే అయితే ఎక్కువగా జి. ముక్కలను వరసగా చదివితే అది ఏ డీఎన్‌ఏ వాక్యం దగ్గర ఆగుతుందో చెప్పేయొచ్చు.

ఈ సంకేతాన్ని 2009లో రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టాయి, రెండు పేపర్లూ ‘సైన్స్’లో వచ్చాయి. జర్మనీలో యెన్స్ బోక్, ఉల్లా బోనాస్ తదితరులది ఒకటి. అమెరికాలో మాథ్యూ మోస్కూ, ఆడమ్ బోగ్దనోవ్‌లది రెండోది. మోస్కూ అప్పటికి పీహెచ్‌డీ విద్యార్థి. ఆ పని ప్రధానంగా కంప్యూటర్ మీద సీక్వెన్సులు పోల్చి చేసింది. ‘మా కాలేజీలో పరికరాలు లేవు సార్’ అనే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

2012లో పీటీహెచ్‌ఎక్స్‌ఓ1 డీఎన్‌ఏని పట్టుకుని ఉన్నప్పటి నిర్మాణం వచ్చింది. స్ప్రింగులా డీఎన్‌ఏ చుట్టూ మెలికలు తిరిగిన ప్రోటీన్, ఒక్కో ముక్కా రెండు హెలిక్స్‌లు, వాటి మధ్య మలుపులో ఆ 12, 13 స్థానాలు. డీఎన్‌ఏ అక్షరాన్ని తాకేది 13. పక్కనున్న 12 ఆ మలుపును నిలబెడుతుంది. ఈ నిర్మాణం తేల్చడానికి ముందుగా కంప్యూటర్ అంచనా నమూనాలను వాడారు, తర్వాత బరువైన అణువులతో చేసిన ప్రయోగంతో సరిచూసుకున్నారు. ఆల్ఫాఫోల్డ్ పేరు ఎవరూ విననప్పటి మాట ఇది.

అక్షరాలవారీ సంకేతం తెలిశాక ఊరుకుంటారా? కావలసిన వరసలో ముక్కలు పేర్చి, చివర డీఎన్‌ఏని కోసే ఎంజైమ్ తగిలించి ‘టేలెన్’ అనే జన్యు సవరణ పరికరం తయారుచేశారు. 2015లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆస్పత్రిలో లుకేమియాతో ఉన్న ఏడాది పాపకు టేలెన్‌లతో సవరించిన రోగనిరోధక కణాలు ఎక్కించి చికిత్స చేశారు. వరి తెగులు నుంచి ఆస్పత్రి వార్డు దాకా! ఫార్మా వైపు వెళ్లాలనుకునేవాళ్లు కూడా మొక్కల తెగుళ్ల పాఠాన్ని పక్కన పెట్టకూడదని నేననేది అందుకే.

మన కంచంలోకి వచ్చిన కథ

బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, ఎంత ఇష్టమైన అన్నమో చెప్పక్కర్లేదు. దానికున్న పెద్ద బలహీనతల్లో ఎండాకు తెగులు ఒకటి. సీసీఎంబీ, అప్పటి వరి పరిశోధన డైరెక్టరేట్ (ఇప్పటి భారతీయ వరి పరిశోధన సంస్థ, రాజేంద్రనగర్) కలిసి ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని తయారుచేశాయి. 2008లో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. మామూలు సంకరమే, కాకపోతే డీఎన్‌ఏ మార్కర్లతో ప్రతి తరంలోనూ కావలసిన మొక్కలను ఏరుకుంటూ వచ్చారు.

అందులో మూడు నిరోధక జన్యువులున్నాయి: ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5. ఈ మూడూ ఎలా పనిచేస్తాయో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఎక్స్‌ఏ13 అంటే కొత్త ఆయుధమేమీ కాదు, స్వీట్11 జన్యువే. కాకపోతే దాని ముందుభాగంలో డీఎన్‌ఏ అక్షరాలు మారాయి, పీటీహెచ్‌ఎక్స్‌ఓ1 అక్కడ సరిగ్గా కూర్చోలేదు. తాళం మారింది, దొంగ చేతిలో పాత తాళంచెవి మిగిలింది. ఎక్స్‌ఏ5 ఇంకా చిత్రం. టేల్ ప్రోటీన్లు జన్యువును ఆన్ చేయాలంటే వరికే చెందిన ఒక ప్రోటీన్ సాయం కావాలి. అందులో 39వ స్థానంలో వాలిన్ బదులు గ్లుటామిక్ ఆమ్లం ఉంటే ఆ సాయం సరిగ్గా అందదు. ఒకే ఒక్క అమినో ఆమ్లం! ‘ఒకటి మారితే ఏమవుతుంది’ అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు దొరకదు.

మూడు ఎందుకు, ఒకటి చాలదా? చాలదు. బ్యాక్టీరియా దగ్గర స్వీట్11 కాకుండా స్వీట్13, స్వీట్14లను తెరిచే వేరే టేల్ ప్రోటీన్లు కూడా ఉన్నాయి. ఒక్క జన్యువునే నమ్ముకుంటే అది పక్కదారి పడుతుంది.

ఎక్స్‌ఏ21 విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఒరైజా లాంగిస్టమినాటా అనే ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చిన ఈ జన్యువును అమెరికాలో పమేలా రోనాల్డ్ బృందం 1995లో వేరుచేసింది. కణం పైభాగంలో కాపలా కాసే రిసెప్టర్ ప్రోటీన్‌ను ఇది తయారుచేస్తుంది. బ్యాక్టీరియాలో దేన్ని చూసి ఇది మేల్కొంటుంది? ఏఎక్స్21 అనే ప్రోటీన్‌ను అని ఆ బృందం మొదట ప్రకటించింది. తర్వాత తమ ల్యాబ్‌లోనే ఫలితాలు మళ్లీ రాకపోవడంతో వెతికితే బ్యాక్టీరియా నమూనాల్లో పొరపాటు బయటపడింది. 2013లో తమ పేపర్లను తామే వెనక్కి తీసుకున్నారు. 2015లో అసలు సంకేతం రాక్స్ఎక్స్ అనే చిన్న ప్రోటీన్ అని చూపించారు. 2013కు ముందు రాసిన నోట్సులో మీకు ఏఎక్స్21 కనిపిస్తే అలాగే బట్టీ పట్టకండి. ఇంటర్వ్యూలో ఈ కథ మొత్తం చెప్పగలిగితే, పేపర్లు నిజంగా చదివే మనిషని అర్థమవుతుంది.

ఇంట్లో కూర్చుని ఏం చేయొచ్చు?

ప్రోటీన్ డేటా బ్యాంక్ అందరికీ ఉచితం. లైప్ఏ, పీటీహెచ్‌ఎక్స్‌ఓ1 నిర్మాణాలు రెండూ అందులో ఉన్నాయి. ఫైలు డౌన్‌లోడ్ చేసుకుని కైమెరాఎక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. చదువుకోసమైతే అది కూడా ఉచితమే. మామూలు ల్యాప్‌టాప్ చాలు. మొదటిరోజు రంగులు మార్చి తిప్పుతూ కూర్చుంటారు, ఫర్వాలేదు. రెండోరోజు మాత్రం పని పెట్టుకోండి: కోసే మూడు అమినో ఆమ్లాలను గుర్తించండి, చక్కెర పట్టే చోటికి దూరం కొలవండి. పేపర్లో రాసిన 15 ఆంగ్‌స్ట్రామ్‌లు మీ తెరమీద వస్తాయేమో చూడండి.

తర్వాత ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్‌కు వెళ్లి, నిర్మాణం ఇంకా ప్రయోగంతో తేల్చని ఎక్స్‌ఓఓ ప్రోటీన్ ఒకటి తీసుకోండి. బొమ్మలో ముదురు నీలం ఉన్నచోట అంచనా మీద నమ్మకం ఎక్కువ, నారింజ రంగులో చాలా తక్కువ. నారింజ భాగం చూపించి ‘ఇక్కడ జేబు ఉంది’ అని ఇంటర్వ్యూలో చెప్పారో, అయిపోయినట్టే! ఆల్ఫాఫోల్డ్ వచ్చాక స్ట్రక్చరల్ బయాలజీలో పనేముంది అని కొందరు అంటున్నారు. నా ఉద్దేశంలో ఆకారం తెలిశాకే అసలు పని మొదలవుతుంది. లైప్ఏ విషయంలో బొమ్మ సగం పేపరే, మిగతా సగం వరిమొక్కల్లో చేసిన ప్రయోగాలు.

ముప్ఫై గంటల ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్లు నాలుగు జతచేయడం కంటే, ఇలా ఒక ప్రోటీన్ మీద మీరే రాసిన రెండు పేజీల నోటు ఎక్కువ ఉపయోగం.

దారులు, జీతాలు

బీఎస్సీతోనే ఈ రంగంలో పరిశోధన ఉద్యోగం రావడం కష్టం. దొరికేవి ఎక్కువగా క్వాలిటీ కంట్రోల్, ల్యాబ్ టెక్నీషియన్ తరహా పనులు. ముందే తెలుసుకుంటే మంచిది. పీజీకి రాష్ట్ర యూనివర్సిటీల ప్రవేశ పరీక్షలతోపాటు సీయూఈటీ పీజీ, ఐఐటీ జామ్, గ్యాట్-బి రాయండి. అగ్రికల్చర్ బీఎస్సీ వాళ్లకు ఐకార్ పీజీ పరీక్ష ఉంది, అందులో ప్లాంట్ పాథాలజీ, మాలిక్యులర్ బయాలజీ వైపు చూడొచ్చు.

పీహెచ్‌డీకి అసలైన టికెట్ సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్. 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000, ఇంటద్దె భత్యం అదనం. డీబీటీ వాళ్ల బెట్ పరీక్ష ఇంకో దారి. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. ఇంటి మీద అప్పుంటే, మీ జీతం మీద ఎవరైనా ఆధారపడి ఉంటే ఆ లెక్క ఇంట్లో కూర్చుని ముందే వేసుకోండి. అలాంటివాళ్లు ఎమ్మెస్సీ తర్వాత విత్తన కంపెనీల మార్కర్ ల్యాబుల్లోనో, హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔషధ పరిశోధన సంస్థల్లోనో చేరి రెండేళ్లకు మళ్లీ నెట్ రాయడం ఓటమేమీ కాదు.

డిగ్రీలో ఉండగానే ల్యాబ్ వాతావరణం చూడాలంటే సైన్స్ అకాడమీల సమ్మర్ రిసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి. ఏటా అక్టోబరు, నవంబరు ప్రాంతంలో నోటిఫికేషన్ వస్తుంది. అందులో ‘ఎందుకు చేయాలనుకుంటున్నారు’ అని రాయమంటారు. ‘చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ఇష్టం’ అని మొదలుపెట్టకండి. లైప్ఏ గురించో, మీకు నచ్చిన ఇంకో ప్రోటీన్ గురించో, అందులో మీకు అర్థంకాని ఒక్క విషయం రాయండి.

ఈ ఖరీఫ్‌లో ఊరెళ్లినప్పుడు ఓ గాజుగ్లాసు, బ్లేడు పట్టుకుని చేలోకి కూడా వెళ్లిరండి. ఆకు కోసేటప్పుడు అంచు ఎండిన భాగం ఒక్కటే తీసుకోవద్దు, పచ్చదనం కూడా కొంత ఉండాలి. ధార కనిపిస్తే ఫోన్‌తో వీడియో తీసుకోండి, గ్లాసు వెనక నల్లగుడ్డ పెడితే బాగా కనిపిస్తుంది.